వైద్య నైతికతకు రాతపరీక్ష అవసరమా?

చర్చ ప్రారంభం (వైద్య అధ్యాపకుడు):
రోగి స్వయంనిర్ణయం, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం అనే నాలుగు సూత్రాలను మా విద్యార్థులు తడుముకోకుండా రాస్తారు. వారిలోనే కొందరు మరునాడు రౌండ్స్‌లో రోగి వింటుండగానే ‘మూడో బెడ్ కేసు’ అని మాట్లాడుతుంటే, ఈ పాఠానికి మార్కులు ఎందుకనిపిస్తోంది.

స్పందన 1 (ఫోరెన్సిక్ మెడిసిన్ అధ్యాపకురాలు):
అవసరమే. పరీక్ష లేని పాఠాన్ని విద్యార్థి చదవడు, కళాశాల దానికి సమయమూ కేటాయించదు. అమెరికాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 వరకు, సిఫిలిస్ సోకిన నల్లజాతి పురుషులకు అసలు సంగతి దాచి, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వకుండా, వ్యాధి ఎలా ముదురుతుందో చూస్తూ పోయారు. ఇది చదవనివారికి సమ్మతి పత్రం సంతకం పెట్టించుకునే కాగితమే.

స్పందన 2 (నర్సింగ్ శిక్షకురాలు):
మేడమ్, మీ ఉదాహరణే మీ వాదానికి అడ్డువస్తోంది. ప్రయోగానికి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అన్న న్యూరెంబర్గ్ నియమావళి 1947లోనే వచ్చింది. ఆ తరువాత కూడా పాతికేళ్లు ఆ అధ్యయనం సాగింది. వైద్యుడు కాని పీటర్ బక్స్టన్ అనే ప్రజారోగ్య ఉద్యోగి 1966 నుంచి పైఅధికారులకు అభ్యంతరం చెప్పి, ఫలితం లేక విషయాన్ని పత్రికలకు అందించిన తరువాతే అది ఆగింది. సీనియర్ తప్పు చేస్తున్నప్పుడు జూనియర్ ఏ మాటలతో, ఎవరి దగ్గర అడ్డుచెప్పాలో అభ్యాసం చేయించాలి. (మా తరగతిలో ఆ అభ్యాసం పెడితే మొదటి పది నిమిషాలు ఎవరూ నోరు విప్పరు.)

స్పందన 3 (సర్జన్):
రాతపరీక్ష కన్నా నడవడిని నమోదు చేయడం మేలు. నియంత్రణ మండళ్ల క్రమశిక్షణ చర్యకు గురైన అమెరికన్ వైద్యుల విద్యార్థి దశ రికార్డుల్లో బాధ్యతారాహిత్యం వంటి లోపాలు ఇతరులకంటే ఎక్కువగా ఉన్నాయని 2005లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం చూపింది. అయితే, ఆపరేషన్ కోసం మత్తుమందు ఇచ్చిన రోగికి ముందుగా చెప్పకుండానే విద్యార్థులచేత కటి పరీక్ష (జననాంగాల లోపలి పరీక్ష) చేయించిన సీనియర్ల దగ్గర నేర్చుకున్నవాణ్ణి నేను. అటువంటి చోట విద్యార్థి నడవడిని తూచే అర్హత ఎవరికుంది?

చర్చ ప్రారంభించిన అధ్యాపకుడు:
సీనియర్ల నడవడిని జూనియర్లు, నర్సులు పేరు చెప్పకుండా అంచనా వేసే పద్ధతి పెడితే మీ విభాగం ఒప్పుకుంటుందా, డాక్టర్ గారూ?

సర్జన్:
విభాగం సంగతి చెప్పలేను. నేను ఒప్పుకుంటాను, కాకపోతే మొదటి నెల ఫలితాలను నాకొక్కడికే చూపించండి.