కార్డియాక్ ఐసీయూలో నాలుగేళ్ల తరువాత: ఎమ్మెస్సీ చేయాలా, నర్స్ ప్రాక్టీషనర్ చదవాలా?

ప్రశ్న: బన్నేరుఘట్ట రోడ్డు స్టాఫ్ నర్స్, బెంగళూరు

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ 62 శాతంతో పూర్తి చేసి, నాలుగేళ్లుగా బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి కార్డియాక్ ఐసీయూలో పని చేస్తున్నాను. మొదట ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యాను, ఇక్కడ చేరాక కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్‌లోనూ నమోదు చేయించుకున్నాను.

పై చదువుకు వెళ్లాలన్న కోరిక ఎప్పటి నుంచో ఉన్నా, అది పట్టుదలగా మారింది మాత్రం గత నెల ఒక నైట్ డ్యూటీలో. బైపాస్ అయిన పేషెంటుకు రాత్రి రెండు గంటల వేళ ఛాతీ డ్రెయిన్‌లోకి రక్తం రావడం ఉన్నట్టుండి ఆగిపోయింది. రక్తస్రావం తగ్గిందని ఊరట పడే లోపే బీపీ పడిపోతూ, సీవీపీ (గుండెకు చేరే పెద్ద సిరలోని రక్తపు ఒత్తిడి) పెరుగుతూ కనిపించేసరికి, గుండె చుట్టూ రక్తం చేరి అదుముతోందేమో, ఇది టాంపొనేడ్ కావచ్చునేమో అని నాకు తోచింది. డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆయన వచ్చి చూసి పేషెంటును మళ్లీ థియేటరుకు తీసుకువెళ్లారు. ఆ పేషెంటు బతికి ఇంటికి వెళ్లారు. అయితే ఆ ఫోన్ చేసే ముందు, నేను పొరబడుతున్నానేమోనని రెండు నిమిషాలు తటపటాయించాను. ఇకముందు అలా తటపటాయించకుండా ఉండాలన్నదే నా కోరిక.

నా ముందు మూడు దారులున్నాయి: ఎమ్మెస్సీ నర్సింగ్, క్రిటికల్ కేర్‌లో (అంటే ఐసీయూ పేషెంట్ల సంరక్షణలో) నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు, ఒక విభాగంలో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా. ఎమ్మెస్సీ అయితే లెక్చరర్ ఉద్యోగం వస్తుందని, రాత్రి డ్యూటీలు తప్పుతాయని నాన్నగారు అంటున్నారు. ఉద్యోగం మానకుండానే దూరవిద్యలో ఎమ్మెస్సీ ఇప్పిస్తానని ఒక ఏజెంటు వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు. ఈ చదువులు చదివినవారు దయచేసి చెప్పండి: పేషెంటు పక్కనే ఉండాలనుకునే నాకు ఏది తగినది?

జవాబు: నర్సింగ్ కళాశాల అధ్యాపకురాలు, చెన్నై

అమ్మా, ముందుగా ఆ ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేయండి. దూరవిద్యలో చేసిన ఎమ్మెస్సీ నర్సింగ్‌కు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు లేదు. ఆ కాగితంతో అదనపు అర్హత నమోదు కాదు, బోధన ఉద్యోగమూ రాదు. అర్హత విషయంలో మీకు దిగులు అక్కరలేదు. బీఎస్సీలో 55 శాతం మార్కులు, రిజిస్ట్రేషన్, కనీసం ఏడాది పని అనుభవం అడుగుతారు. మీకు అన్నీ ఉన్నాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. మన దేశంలో నర్సింగ్‌లో మాస్టర్స్ చదువు 1959లో ఢిల్లీలో మొదలైంది. ఎమ్మెస్సీ సిలబస్ చూస్తే, నర్సింగ్ కళాశాలలకు ఉపాధ్యాయులను, ఆసుపత్రులకు పర్యవేక్షకులను తయారు చేయడానికి దీన్ని ఎంతగా మలిచారో మీకే తెలుస్తుంది. మొదటి ఏడాదిలో అడ్వాన్స్‌డ్ నర్సింగ్ ప్రాక్టీస్, నర్సింగ్ ఎడ్యుకేషన్, రీసెర్చ్ అండ్ స్టాటిస్టిక్స్, మన స్పెషాలిటీలో ఒక పేపరు ఉంటాయి. రెండో ఏడాదిలో నర్సింగ్ మేనేజ్‌మెంటు, స్పెషాలిటీలో మరో పేపరు, వాటితోపాటు డిసర్టేషన్, అంటే పరిశోధన వ్యాసం. అంటే పాఠం ఎలా చెప్పాలి, పరిశోధన ఎలా చేయాలి, వార్డును ఎలా నడపాలి అన్నవాటికి మీ రెండేళ్లలో పెద్ద భాగమే పోతుంది. అవి విలువైనవి కావని నేను అనను, ఎందుకంటే వాటి మీదనే నేను పదకొండేళ్లుగా బతుకుతున్నాను. కానీ మీరు అడిగిన తటపటాయింపును పోగొట్టే చదువు అది కాదు.

నా సంగతి చెబుతాను. నేను కూడా ఐసీయూ నుంచే వచ్చాను, చదివి మళ్లీ ఐసీయూకే వెళ్దామనుకున్నాను. నేను చేరిన కళాశాలకు సొంత ఆసుపత్రి పేరుకు మాత్రమే ఉండేది. రోజూ బస్సులో గంటన్నర దూరం తీసుకువెళ్లి, ఒక్కో మంచం చుట్టూ పన్నెండు మందిని నిలబెట్టేవారు. వెంటిలేటర్ సెట్టింగును నా చేత్తో మార్చిన సందర్భం ఆ రెండేళ్లలో ఒక్కటీ లేదు. చదువు ముగించుకుని ఒక ఆసుపత్రికి వెళితే, ఎమ్మెస్సీ చేసినవారు బెడ్‌సైడ్‌లో నిలవరు కదా అంటూ బీఎస్సీ జీతమే ఇస్తామన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. అందుకే బోధనలోకి వచ్చాను, వచ్చాక దాన్ని ప్రేమించడం నేర్చుకున్నాను.

మీరు ఏ కోర్సులో చేరినా ఆ కళాశాల భవనాన్ని చూసి మోసపోకండి. దాని మాతృ ఆసుపత్రిలో వారానికి ఎన్ని గుండె ఆపరేషన్లు జరుగుతున్నాయో, ఒకేసారి ఎన్ని వెంటిలేటర్లు నడుస్తున్నాయో, ఒక పేషెంటుకు ఎందరు విద్యార్థులను కేటాయిస్తారో అడగండి. ప్రిన్సిపల్ గారిని కాదు, అక్కడ డ్యూటీ దిగి వచ్చే స్టాఫ్‌ను అడగండి.

ఒకవేళ బోధన మీదే మనసు పోతే, మెడికల్ సర్జికల్ నర్సింగ్ తీసుకుని, అందులో కార్డియో థొరాసిక్ గాని క్రిటికల్ కేర్ గాని ఉపవిభాగంగా ఎంచుకోండి. తరువాత పీహెచ్‌డీ చేయాలన్నా మీకు బెంగళూరు దగ్గరే: ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2005-06లో రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంతో కలిసి మొదలుపెట్టిన జాతీయ పీహెచ్‌డీ కన్సార్టియం అక్కడిదే.

జవాబు: క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్, చెన్నై

చెల్లీ, మీ ప్రశ్న చదువుతుంటే ఆరేళ్ల కిందటి నన్ను నేను చూసుకున్నట్టుంది. నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అన్నది 2016-17లో కౌన్సిల్ తెచ్చిన రెండేళ్ల పీజీ రెసిడెన్సీ. రెసిడెన్సీ అన్న మాటను మీరు గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే తరగతి గది తక్కువ, ఐసీయూ ఎక్కువ. అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ (జబ్బు శరీరాన్ని ఎలా మారుస్తుందో చెప్పే శాస్త్రం), ఫార్మకాలజీ (మందుల శాస్త్రం), హెల్త్ అసెస్‌మెంట్ అన్నవి దీనికి వెన్నెముక.

ఉదయం మాకు కేటాయించిన పేషెంటును తల నుంచి పాదం దాకా మేమే పరీక్షించి, ఏబీజీ (రక్తంలోని వాయువుల పరీక్ష) చదివి, ఎక్స్‌రే చూసి, సమస్య ఏమిటో, మేమైతే ఏం చేస్తామో రౌండ్స్‌లో ఇంటెన్సివిస్టు (ఐసీయూ వైద్య నిపుణుడు) ముందు నిలబడి చెప్పాలి. మొదటి రోజు ఒకాయనకు కార్బన్ డై ఆక్సైడ్ పెరిగిందని చెప్పి ఊరుకున్నాను. ‘ఎందుకు పెరిగింది? నీవు ఇప్పుడు రేటు పెంచుతావా, టైడల్ వాల్యూమ్ పెంచుతావా? ఎందుకు?’ అని అడిగారు. అంటే వెంటిలేటర్ నిమిషానికి ఇచ్చే శ్వాసల సంఖ్యా, ఒక్కో శ్వాసలో ఇచ్చే గాలి పరిమాణమా అని. నోరు పెగలలేదు. ఆరు నెలలు రోజూ అలా నిలబడిన తరువాత, అర్ధరాత్రి ఫోన్ చేసినప్పుడు నా గొంతు వణకడం ఆగిపోయింది. మీరు చెప్పిన ఆ రెండు నిమిషాలు నాకు అక్కడే పోయాయి.

కష్టం కూడా చెప్పాలి. ఆసుపత్రి ఆమోదించిన ప్రోటోకాల్ (రాతపూర్వక చికిత్సా నియమావళి) ప్రకారమే మనం మందులు ఇవ్వగలం, మార్పులు చేయగలం; ఆ ప్రోటోకాల్ రాసుకోని ఆసుపత్రిలో మీ చదువు అక్కరకు రాదు. ఆ పేరుతో పోస్టులు ఉన్న ఆసుపత్రులూ నేను చూసినంతలో తక్కువే. కోర్సు కాగానే ఒకచోట నన్ను స్టాఫ్ నర్సుగానే తీసుకుని, డ్యూటీ పట్టీలో మాత్రం ప్రాక్టీషనర్ పనులన్నీ రాశారు. ఎనిమిది నెలలు చేసి మానేశాను. ఇప్పుడున్న చోట హోదా, జీతం రెండూ సరిగా ఉన్నాయి. కాబట్టి చేరే ముందే, ముందటి బ్యాచ్‌వారు ఇప్పుడు ఎక్కడ, ఏ హోదాలో ఉన్నారో కనుక్కోండి.

జవాబు: డయాలసిస్ యూనిట్, జయనగర్

అక్కా, నేను జీఎన్‌ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) చదివినవాడిని, రీనల్ (కిడ్నీ) నర్సింగ్‌లో పోస్ట్ బేసిక్ డిప్లొమా చేశాను. ఏడాదే, అదీ రెసిడెన్సీ పద్ధతిలోనే. బీఎస్సీవారూ జీఎన్‌ఎమ్‌వారూ ఇద్దరూ చేరవచ్చు. పూర్తయ్యాక కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు చేయించుకోవాలి. ఇంటి బాధ్యతలున్నవారికి ఇది మేలైన దారి. అయితే ఇది మాస్టర్స్ కాదు, దీనితో కళాశాలలో ప్రొఫెసర్ స్థాయికి ఎదగడం కుదరదు.

జీతం గురించి నాన్నగారికి ఒక మాట చెప్పండి. ఏడవ వేతన సంఘం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రులలో నర్సింగ్ ఆఫీసరు పోస్టు లెవెల్ 7, మూలవేతనం 44,900 రూపాయల దగ్గర మొదలవుతుంది. దానికి మీ బీఎస్సీయే చాలు. పీజీ చేస్తే తప్ప బతుకు లేదన్న భయంతో మాత్రం మీరు ఏ కోర్సులోనూ చేరనక్కరలేదు.

జవాబు: బన్నేరుఘట్ట రోడ్డు స్టాఫ్ నర్స్, బెంగళూరు

ముగ్గురికీ నా నమస్కారాలు. మేడమ్, మీకు జరిగినదాన్ని అంత వివరంగా రాసినందుకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. నాన్నగారికి చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ అనలేదు, తరువాత ‘అయితే నీకు పేషెంటు దగ్గర ఉండడమే ఇష్టమా’ అని అడిగారు. అవునన్నాను.

నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకే ప్రయత్నిస్తాను. రెండు కళాశాలలు దృష్టిలో ఉన్నాయి. వచ్చే గురువారం నాకు వీక్లీ ఆఫ్, ఆ రోజు ఉదయం ఏడున్నరకు, నైట్ డ్యూటీ సిస్టర్లు హ్యాండోవర్ ఇచ్చి బయటికి వచ్చే వేళకు, మొదటి ఆసుపత్రి గేటు దగ్గర ఉంటాను. వెంటిలేటర్లు ఎన్నో, మంచానికి ఎందరో, పాత బ్యాచ్‌వారు ఎక్కడున్నారో అడిగి వచ్చి ఇక్కడే రాస్తాను.