అప్‌డేట్: నా ఆఫ్‌సెట్ గిటార్ డిజైన్ ఒక కొలిక్కి వచ్చింది

నేను గీసుకున్న ఆఫ్‌సెట్ బాడీ (నడుము వంపులు ఎదురెదురుగా లేని) గిటార్‌కి స్కేల్, అంటే తీగ మోగే పొడవు, 24 అంగుళాలు పెట్టాలా, 25.5 పెట్టాలా అని పోయిన నెల అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

మీరన్నట్టే ముందు అసలు సైజులో అట్ట కోసి, ఒళ్లో పెట్టుకుని చూశాను. నడుము వంపులు రెండూ ఎదురెదురుగా కాకుండా ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి ఉంటే ఎంత కుదురుగా ఉంటుందో అప్పుడు తెలిసింది. 1958లో ఫెండర్ కంపెనీ జాజ్‌మాస్టర్ గిటార్‌ని కూర్చుని వాయించేవాళ్ల కోసమే అలా మలిచారు మరి! పై అంచు మాత్రం మోచేతి కింద ఒత్తుకుంది. అక్కడ ఇంకాస్త ఏటవాలుగా చెక్కాలి.

స్కేల్ 25.5కే ఖాయం చేశాను. 1962లో వచ్చిన ఫెండర్ జాగ్వార్ గిటార్‌లోని 24 అంగుళాలు వేళ్లకి హాయే, కానీ అవే తీగలు, అదే శ్రుతి అయితే బిగువు తగ్గుతుంది. నేను శ్రుతి దించి వాయిస్తాను కాబట్టి అది నాకు కుదరదు.

అసలు చిక్కు బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరే. తీగ అక్కణ్ణుంచి టెయిల్‌పీస్‌కి (తీగల చివర్లు పట్టి ఉంచే భాగానికి) దిగే కోణం మరీ తక్కువైతే, గట్టిగా మీటినప్పుడు గాడిలోంచి జారిపోతుంది. అందుకే నెక్‌ని కొద్దిగా వెనక్కి వాల్చి బ్రిడ్జి ఎత్తు పెంచాను, టెయిల్‌పీస్‌ని దగ్గరికి జరిపాను. ట్రెమోలోని (శ్రుతిని ఊగించే మీటని) మాత్రం వదులుకోలేదు.

తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్‌లు ఏవి పెట్టాలో ఇంకా తేలలేదు. చెక్క వచ్చే వారం కోయిస్తున్నాను.