వెంటిలేటర్ మీదున్న మనిషి కిడ్నీ మా బావకి పనిచేస్తుందా?

ప్రశ్న (కవిటి మండలం): మా బావ వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నాడు. ఉద్దానంలో ఇది ఇంటింటి బాధే. అక్క కిడ్నీ ఇస్తానంది గానీ, పరీక్షల్లో ఆమెకీ క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది) ఎక్కువ వచ్చింది. జీవన్‌దాన్‌లో, అంటే ప్రభుత్వ అవయవదాన పథకంలో, పేరు పెట్టమన్నారు డాక్టరుగారు. బ్రెయిన్ డెడ్ అయి వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల కిడ్నీ పెడతారట. మిషన్ మీద నిలబెట్టిన కిడ్నీ ఎన్నాళ్లుంటుందని ఇంట్లో పెద్దల అనుమానం. బతికే మనిషిని మన కోసం ఆపేస్తారేమోనని అక్కకి ఒకటే బెంగ. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (విజయనగరం, ఐసీయూ నర్సు): ముందు మీ అక్కగారి బెంగ సంగతి చెప్తానమ్మా. కోమాలో ఉన్నవాళ్ల అవయవాలు ఎవరూ తీయరు. బ్రెయిన్ డెత్ వేరు, అంటే మెదడు పూర్తిగా, మళ్లీ తిరిగి రాకుండా ఆగిపోవడం. మత్తుమందుల ప్రభావం ఏమీ లేదని తేల్చుకున్నాకే పరీక్ష మొదలవుతుంది. వెంటిలేటర్ పక్కకు తీసి, గొట్టంలోంచి ఆక్సిజన్ మాత్రం ఇస్తూ, ఛాతీ మీంచి కళ్లు తిప్పకుండా నిలబడతాం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ, మెదడులో ఏ కాస్త ప్రాణమున్నా ఊపిరి అందుకోవాలి. ఛాతీ కదలకపోతే ఆరు గంటలు ఆగి పరీక్షలన్నీ మళ్లీ చేస్తారు. నలుగురు డాక్టర్లు సంతకం పెట్టాలి, అందులో మార్పిడి చేసే బృందం వాళ్లు ఉండకూడదు. 1994 అవయవ మార్పిడి చట్టం కింద నడిచే పద్ధతి ఇది. ఆ తర్వాత కూడా ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే. మీరు పేరు పెట్టినంత మాత్రాన ఎవరి ప్రాణమూ పోదు, అక్కగారికి ఈ మాట గట్టిగా చెప్పండి.

ఇక కిడ్నీ. మిషన్ గాలి మాత్రమే అందిస్తుంది, గుండె తనంతట తనే కొట్టుకుంటుంది. కాబట్టి కిడ్నీకి రక్తం అందుతూనే ఉంటుంది. అయితే మెదడు నుంచి రావాల్సిన హార్మోన్ ఆగిపోయి, చాలామందికి మూత్రం ధారగా పోతుంది. బ్యాగు ఖాళీ చేసిన కాసేపటికే మళ్లీ నిండుతుంది. గంట గంటకీ కొలిచి, దానికి తగ్గట్టు సెలైన్ ఎక్కించాలి, బీపీ పడిపోకుండా చూడాలి. నిజానికి కిడ్నీ బాగుండేది, పాడయ్యేది ఈ గంటల్లోనే. పైగా దాత క్రియాటినిన్, హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చూశాకే తీసుకుంటారు. శ్రీకాకుళం దగ్గర మన రాగోలు జెమ్స్ ఆసుపత్రిలో కూడా 2023లో అవయవదానం జరిగింది.

జవాబు (శ్రీకాకుళం): మా అన్నయ్యకి ఇలాంటి కిడ్నీయే పెట్టారు. ఆపరేషన్ అయ్యాక చుక్క మూత్రం రాలేదు, మళ్లీ డయాలసిస్ చేశారు. మాకు ఒకటే టెన్షన్. తర్వాత మెల్లగా పని మొదలుపెట్టింది. మీకూ అలా అయితే భయపడకండి.

ప్రశ్న (కవిటి మండలం): ఇంతమాత్రం చెప్పేవాళ్లు లేక రాత్రుళ్లు నిద్ర లేదండి. బతికున్నవాళ్లు ఇచ్చినంత కాలం ఉంటుందా?

జవాబు (విజయనగరం): సాధారణంగా బతికున్నవాళ్లు ఇచ్చిందే ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ మీకిప్పుడు ఆ దారి లేదు కదా, డయాలసిస్ మీదే ఉండిపోవడం కంటే ఇది చాలా మేలు. మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారానే పేరు నమోదవుతుంది. మధ్యలో ఎవరైనా డబ్బులిస్తే కిడ్నీ ఇప్పిస్తామంటే నమ్మకండి, అది నేరం. కిడ్నీ ఐసులో ఉండేది సుమారు ఒక రోజే. కవిటి నుంచి విశాఖ దూరం, అందుకని ఇద్దరి ముగ్గురి నంబర్లు ఇవ్వండి. ఫోన్ వచ్చిందంటే బావగారిని ఏమీ తినకుండా బయల్దేరదీయండి.