‘పితూరీ’: మన్యం నుంచి శిలాఫలకం దాకా

ప్రశ్న (మన పదకోశ బృందంలోని కావలి సభ్యురాలు): పాత పుస్తకాలలో అల్లూరి సీతారామరాజు పోరాటాన్ని ‘మన్యం పితూరీ’ అని రాశారు. మా నెల్లూరు వైపు పితూరీలు చెప్పడమంటే ఒకరి మీద మరొకరికి చాడీలు మోయడమే. ఈ రెండర్థాలకు సంబంధం ఏమిటి? ఇప్పటి ప్రభుత్వ ప్రకటనలలో ఈ మాట ఎందుకు అరుదైపోయింది?

సమాధానం (ఒంగోలు సభ్యుడు): అమ్మా, ఇది అలజడి, కలహం అనే అర్థమున్న ‘ఫితూర్’ నుంచి ఉర్దూ ద్వారా మనకు చేరిన మాట. గోదావరి, విశాఖ మన్యాలలో జనం ఎప్పుడు ఎదురుతిరిగినా తెల్లదొరల కచ్చేరీ దానిని పితూరీ అనే రాసుకుంది. మైదానపు ఊళ్లలో అర్థం కుంచించుకుపోయి ఫిర్యాదుగా, ఆపై చాడీగా మిగిలింది.

మీ రెండో ప్రశ్న మరింత లోతైనది. పితూరీ అనగానే ‘ఎవరి మీద, దేనికోసం’ అని అడగాలనిపిస్తుంది. 1879లో గోదావరి మన్యంలోని రంప జనం తిరగబడడానికి కల్లు మీద అక్కడి మన్సబుదారు (జమీందారు వంటివాడు) వేసిన చిగురుపన్ను ఒక ముఖ్య కారణం. సీతారామరాజు పోరాటం మొదలైన 1922 నాటికి 1882 మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని (అడవి నరికి కాల్చి చేసే సాగును) కట్టడి చేసింది. గూడెం ప్రాంతంలో రోడ్డు పనికి తోలిన కూలీలకు న్యాయమైన కూలి దక్కలేదు. ముఠాదారుల పాత అధికారాలు కరిగిపోయాయి. (ముఠా అంటే అక్కడ కొన్ని గ్రామాల సముదాయం, దాని పెద్ద ముఠాదారు. ఈనాటి పాఠకుడు ముఠాదారు అన్న మాట చదివి దొంగల నాయకుడనుకుంటే తప్పు అతనిది కాదు.) ఆ ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి తుపాకులు ఎత్తుకుపోయిన దళం వెనుక ఈ లెక్కలన్నీ ఉన్నాయి.

దీనినే ‘స్వాతంత్ర్య సమరం’గా మార్చి చెప్పినప్పుడు అబద్ధమేమీ చెప్పినట్టు కాదు, సీతారామరాజు స్వరాజ్యం కోరినవాడే, ఖద్దరు కట్టినవాడే, అయితే అది బలప్రయోగంతోనే వస్తుందని నమ్మినవాడు. కానీ ఆ పేరు పెట్టగానే ప్రత్యర్థి వెళ్లిపోయిన పరాయి పాలకుడొక్కడే అవుతాడు. అటవీ శాఖ, పోడు భూమి, కూలి బాకీ పక్కకు తప్పుకుంటాయి. ఏ ప్రభుత్వానికైనా ఇది సుఖమైన అమరిక. 1986లో తపాలా బిళ్ల, 2022లో ఆయన పేర జిల్లా, అదే ఏడు భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం వచ్చాయి. పోడు పట్టాల తగాదా మాత్రం ఇంకా తెగలేదు. పోరాటంలో నాయకత్వం వహించిన గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు పండితులకే గుర్తుండే స్థితికి చేరాయి.

ఇది మన్యానికే పరిమితమని అనుకోవద్దు. మీ జిల్లాకు 2008లో పొట్టి శ్రీరాములు గారి పేరు చేర్చారు. ‘అమరజీవి’ అన్న బిరుదు వినగానే 1952 అక్టోబరు 19 నుంచి డిసెంబరు 15 వరకు ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో ఆయన చేసిన నిరశన ఒక్కటే మనసులో మెదులుతుంది. అంతకుముందు 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనులను రానివ్వాలని ఆయన చేసిన నిరశన ఆ బిరుదులో ఇమడలేదు. హరిజన సేవ గురించి రాసిన అట్టలను మెడలో వేసుకుని మీ వీధులలోనే తిరిగిన ఆ మనిషి రాష్ట్రమిమ్మని ఢిల్లీని అడగడంతో ఆగలేదు. గుడి తలుపు తీయమని పొరుగువారినే అడిగాడు. రాష్ట్రం వచ్చేసింది గనుక మొదటి కోరికను పొగడడంలో ఎవరికీ ఖర్చు లేదు. రెండోది వినేవారిని ఇబ్బంది పెడుతుంది.

కనుక మన పదకోశంలో పితూరీకి ‘తిరుగుబాటు’, ‘చాడీ’ రెండర్థాలూ ఇచ్చి, చిగురుపన్ను, పోడు, ముఠా అన్న పదాలను దాని పక్కనే చూపాలని నా ప్రతిపాదన.