సముద్రం చేపల్లో దూరం పెరిగితే జీన్స్ తేడా కూడా పెరగాలి కదా?

పాపులేషన్ జెనెటిక్స్ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, వారం నుంచి ఈ డౌట్ బుర్ర తినేస్తోంది. అట్లాంటిక్ హెర్రింగ్ అనే చేపని తీసుకుంటే, బాల్టిక్ సముద్రంలో ఉండేవీ బయట మహాసముద్రంలో ఉండేవీ మామూలు మార్కర్లతో (పోల్చడానికి వాడే డీఎన్‌ఏ గుర్తులతో) చూస్తే దాదాపు ఒకటే, ఎఫ్‌ఎస్‌టీ (రెండు గుంపుల మధ్య జీన్స్ తేడాకి కొలత) సున్నాకి దగ్గర్లోనే వస్తుంది. లార్వాలు (గుడ్డులోంచి వచ్చిన చిన్న పిల్లలు) ప్రవాహంలో కొట్టుకుపోయి కలిసిపోతాయి అంటారు, సరే అనుకున్నా. కానీ కంట్లో వెలుగుని పట్టే రోడాప్సిన్ అనే ప్రోటీన్ జీన్ దగ్గరకొచ్చేసరికి బాల్టిక్ చేపల్లో ఎక్కువగా 261వ స్థానంలో ఫినైల్‌అలనైన్ అనే అమైనో ఆమ్లం బదులు టైరోసిన్ ఉంటుంది, అక్కడి నీళ్ళలో వెలుగు కాస్త ఎరుపు వైపుకి ఉంటుంది కాబట్టి అలాంటి వెలుగులో చూడ్డానికి అది పనికొస్తుందట. మరి నిజంగా అంత కలిసిపోతుంటే ఈ తేడా చెరిగిపోకుండా ఎలా నిలబడింది? సెలెక్షన్ (బతకడానికి పనికొచ్చే రకం జీన్ నిలిచిపోవడం) అంత గట్టిదా? నాకేమో అసలు కలవడమే తక్కువేమో, చేపలు కోట్లలో ఉండటం వల్ల డ్రిఫ్ట్ (తరతరానికీ జీన్స్ వాటా ఊరికే అటూ ఇటూ మారడం) నత్తనడక నడిచి ఎఫ్‌ఎస్‌టీ మనల్ని బోల్తా కొట్టిస్తోందేమో అనిపిస్తోంది. ఈ రెండిట్లో ఏది కరెక్టో తేల్చాలంటే డేటాలో ఏం చూడాలి? నా ప్రాజెక్టులో ఉన్నది మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ ఒక్కటే, అది తల్లి వైపు కథే చెప్తుంది కదా, దాంతో లాగించొచ్చా లేక మొత్తం జీనోమ్ చేయించక తప్పదా?