ఎం.ఏ. క్రెడిట్లు మూడేళ్ల ఎల్‌ఎల్‌.బి.లో కలుస్తాయా?

ప్రశ్న – దేవరకొండ నుంచి

పెద్దలకు నమస్కారం. నేను ఉస్మానియాలో రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చేసి, ప్రస్తుతం ఒక జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం బోధిస్తున్నాను. న్యాయ కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌.బి.లో చేరాలని ఉంది. రాజ్యాంగం, ప్రభుత్వ పాలన ఇదివరకే చదివాను కాబట్టి ఆ క్రెడిట్లు లెక్కించి కనీసం ఒక సెమిస్టరైనా తగ్గిస్తారా? అమెరికాలో మా బావగారి స్నేహితుడికి పబ్లిక్ పాలసీ పీజీ క్రెడిట్లు లా డిగ్రీలో కలిశాయని విని ఆశ కలిగింది.

సమాధానం – నల్గొండ న్యాయవాది

తగ్గించరండీ. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయవిద్యా నియమాల ప్రకారం ఈ కోర్సు ఆరు సెమిస్టర్లు పూర్తిగా చదవవలసినదే. ఇంటర్ తరువాత చేరే అయిదేళ్ల కోర్సులోనైతే, డిగ్రీ ఉందన్న కారణంతో మధ్యలో చేరడాన్ని 13వ నియమం నేరుగానే నిషేధించింది. మూడేళ్ల కోర్సుకు అర్హతగా చూసేది మీ డిగ్రీని. అందులో జనరల్ వారికి 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. ఎం.ఏ. ఉన్నందుకు ఒక్క పేపరు కూడా మినహాయించరు.

సమాధానం – మహబూబ్‌నగర్, న్యాయశాస్త్ర అధ్యాపకుడు

వకీలు గారు చెప్పినది నిజం. నా దృష్టిలో ఆ నియమం సబబైనదే. ఎం.ఏ.లో రాజ్యాంగాన్ని వ్యవస్థల చరిత్రగా, సిద్ధాంతంగా చదువుతాము, ఎల్‌ఎల్‌.బి.లోనైతే 1973 నాటి కేశవానంద భారతి, 1978 నాటి మేనకా గాంధీ తీర్పులను పేరా పేరా విప్పి, అందులోని వాదన మన ముందున్న వాస్తవాలకు వర్తిస్తుందా లేదా అని తేల్చడం నేర్చుకోవాలి. పైగా దావా పత్రాల రచన, మూట్ కోర్టు (నమూనా కోర్టులో వాదించే అభ్యాసం), వృత్తి ధర్మం వంటి పేపర్లకు, కనీసం 12 వారాల ఇంటర్న్‌షిప్‌కు మీ ఎం.ఏ.లో సమానమైనది ఏదీ లేదు. అయితే మొదటి ఏడాది రాజ్యాంగం పేపరు మీకు మిగతావారికంటే తేలికగా ఉంటుందనడంలో సందేహం లేదు.

సమాధానం – మిర్యాలగూడ, ప్రస్తుతం డాలస్

అమెరికా సంగతి నేను చెబుతాను. ఇక్కడ కూడా లా స్కూల్లో చేరకముందు సంపాదించిన పీజీ క్రెడిట్లు ఇక్కడి లా డిగ్రీ అయిన జె.డి.లో కలవవు, చేరిన తరువాత చేసిన చదువుకే క్రెడిట్ ఇవ్వాలని అమెరికన్ బార్ అసోసియేషన్ ప్రమాణాలు చెబుతాయి. విదేశాల్లో చదివిన న్యాయవిద్యకు మాత్రం పరిమితికి లోబడి కొంత మినహాయింపు ఉంది. మీ బావగారి స్నేహితుడు రెండు డిగ్రీలనూ ఒకేసారి చదివే ఉమ్మడి కోర్సులో చేరి ఉంటారు. అందులో కొన్ని సబ్జెక్టులు రెండు వైపులా లెక్కకు వస్తాయి. మన దగ్గర బార్ కౌన్సిల్ 6వ నియమం ప్రకారం ఎల్‌ఎల్‌.బి. చదువుతూ మరో రెగ్యులర్ కోర్సులో నమోదు కావడమే కుదరదు. దూరవిద్యకు, చిన్న సర్టిఫికెట్ కోర్సులకు మాత్రం సడలింపు ఉంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఉద్యోగం చేస్తూ చదవడం సాధ్యమేనా?

నల్గొండ న్యాయవాది

హాజరు 70 శాతం తప్పనిసరి. ప్రత్యేక కారణాలుంటే 65 వరకు సడలిస్తారు. దూరవిద్యలో ఎల్‌ఎల్‌.బి. చేస్తే న్యాయవాదిగా నమోదు కాలేరు. ఎవరైనా హాజరు మేము చూసుకుంటామంటే నమ్మకండి. మీ కళాశాలలో దీర్ఘకాలిక సెలవు దొరుకుతుందో లేదో ముందుగా కనుక్కుని, ఆ తరువాతే లాసెట్‌కు దరఖాస్తు చేయండి.