అమ్మాయి వచ్చింది, బస్సూ వచ్చింది: పిల్లలకు మహత్తు, అమహత్తు ఎలా చెప్పడం?

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్ళి. మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాలు తెలుగు చెబుతున్నాం. గుణింతాలు, ఒత్తులు ఎలాగో గట్టెక్కాయి. మాటల దగ్గరికొచ్చేసరికి ‘అక్క వచ్చాడు’ అంటున్నారు. బోర్డు మీద మహత్తు (‘వచ్చాడు’ అనాల్సిన మాటలు), అమహత్తు (‘వచ్చింది’ అనాల్సినవి) అని రాస్తే ఆవలింతలే. ఆటలాగా చెప్పే దారి ఏదైనా ఉందా?

జవాబు: ఉందండీ. తెలుగు పేరెత్తకుండా మొదలుపెట్టండి. నేను కె.ఆర్.పురం వైపు పిల్లలతో ఆడించేది ఇదీ. నాలుగు బొమ్మల కార్డులు: అబ్బాయి, అమ్మాయి, ఆవు, బస్సు. ‘వేరే గ్రహం భాష’ అని చెప్పి ఒక్కో కార్డు చూపిస్తూ, ‘గిలాపు’ (అబ్బాయికి), ‘గిలామి’ (మిగతా మూడింటికీ) అంటాను. అర్థం ‘వచ్చాడు, వచ్చింది’ అనే, కానీ పిల్లలకు చెప్పను. ఏ కార్డుకు ‘పు’, ఏ కార్డుకు ‘మి’ అన్నది వాళ్ళే కనిపెట్టాలి.

మొదట అందరూ ‘లివింగ్ థింగ్స్, నాన్-లివింగ్ థింగ్స్’ అంటారు, బళ్ళో ఈవీఎస్ (పరిసరాల పాఠం) పుణ్యమా అని. ఆవు కార్డుతో అది పడిపోతుంది. ‘మనుషులు, మిగతావి’ అంటారు. అమ్మాయి కార్డుతో అదీ పడిపోతుంది. నాలుగో తరగతి పిల్ల ఒకతె లేచి నిలబడి, “ఆంటీ, ఆ గ్రహం వాళ్ళకి బుద్ధి లేదు. అమ్మాయిని బస్సులో కలిపేశారు” అంది. అప్పుడు అదే నాలుగు కార్డులూ తెలుగులో చెప్పమన్నాను. అబ్బాయి వచ్చాడు, అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది... బస్సు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయి, నోరు తెరుచుకుని నా మొహం చూసింది.

అసలు ఆట రెండో విడతలో ఉంది. ఇప్పుడు ఒక్కో కార్డు మీద ఇద్దరేసి, రెండేసి. అబ్బాయిలు ‘గిలారో’, అమ్మాయిలూ ‘గిలారో’, ఆవులు ‘గిలాకే’, బస్సులు ‘గిలాకే’. ఒక్కతిగా ఉన్నప్పుడు బస్సు వరసలో నిలబడ్డ అమ్మాయి, ఇద్దరయ్యేసరికి అబ్బాయిల వరసలోకి దూకేసింది! పిల్లలు దీన్ని ఊహించలేరు. బళ్ళో నేర్చుకునే కన్నడలో ‘బందను, బందళు’ అని ఆడవాళ్ళకు వేరే రూపం ఉంటుంది, బహువచనంలో మాత్రం ‘బందరు’ ఇద్దరికీ ఒకటే. ఆ అలవాటుతో అమ్మాయికి కూడా ఓ ప్రత్యేక రూపం కోసం వెతుకుతారు. ‘అక్క వచ్చాడు’కి మూలం అక్కడే ఉండొచ్చని నా అనుమానం: ‘బందళు’కి జోడీ తెలుగులో దొరక్క, మనిషి కదా అని ‘డు’ తగిలిస్తున్నారు.

చిన్నయసూరి తన తెలుగు వ్యాకరణ గ్రంథం బాలవ్యాకరణంలో చెప్పిందీ ఇదే. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడాలు (ప్రాణం లేనివి) పోను మిగిలినవి మహత్తులు. అయితే స్త్రీవాచకాలు బహువచనంలో మహత్తులతో సమానం. సూత్రం మొదటే వినిపిస్తే నిద్ర, వాళ్ళంతట వాళ్ళు పట్టుకున్నాక వినిపిస్తే “ఈయనకీ తెలుసా!” అంటారు.

మూడో విడతలో చంద్రుడి కార్డు పెట్టండి. అందరూ బస్సు పక్కన పెడతారు. ‘చంద్రుడు వచ్చాడు’ కాబట్టి మీరు దాన్ని అబ్బాయి పక్కకు జరపండి. పెద్ద గొడవ జరుగుతుంది, జరగనివ్వండి.

పిల్లలు మన చిన్నప్పటి క-భాష అడుగుతారు. ‘కనేకను’ సరదాగానే ఉంటుంది గానీ, అక్షరానికో ‘క’ తగిలించడం తప్ప వ్యాకరణం అంతా తెలుగే, కొత్తగా కనిపెట్టడానికేం లేదు. కల్పిత పదాలకు ఉన్న బలం వేరు. 1958లో జీన్ బెర్కో అనే భాషా పరిశోధకురాలు చిన్నపిల్లలకు ఎన్నడూ వినని ఉత్తుత్తి మాటలిచ్చి బహువచనం చెప్పమన్నారు. వినని మాటకు సరైన రూపం చెప్పారంటే అది బట్టీ కాదు, సూత్రం లోపల కూర్చుందన్నమాట. మీరూ ‘గిబుడు’ అని ఒక మాటిచ్చి చూడండి. తెలుగింటి పిల్లలు దేవుళ్ళులాగా ‘గిబుళ్ళు’ అంటారు.

వేరొకరు: మా అనంతపురం వైపు ‘పాప ఇంట్లో ఉండాది, బస్సు స్టాపులో ఉండాది’ అంటాం. మీ ఆట మా యాసకీ సరిపోతుంది. కానీ అమ్మాయిల్ని బస్సుతో కట్టే పాఠం ఆడపిల్లలకు చెప్పడం బాగుంటుందా? ‘అమ్మాయి వచ్చారు’ అని నేర్పేస్తే పోలా?

జవాబు: అది మన్నన రూపమండీ, అమ్మమ్మ దగ్గరకొచ్చాక ఎలాగూ నేర్పాలి. మొదటి రోజే కలిపితే ఆట చెడుతుంది, అందుకే నా కార్డుల్లో పెద్దవాళ్ళను పెట్టను. చులకన సంగతంటారా, క్రియలో ఒకటైనా సర్వనామంలో ఆమె, ఆవిడ విడిగానే ఉన్నారుగా. తెలుగుకు చుట్టాలైన గోండీ, కొలామీ అనే గిరిజన భాషల్లోనైతే ఆడవాళ్ళు బహువచనంలో కూడా అమహత్తు వైపే. మన తెలుగు ఆ మెట్టు దాటి, బహువచనంలో కన్నడ తమిళాలతో కలిసింది. లెక్క చూడండి: ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు, రెండు ఆవులు, రెండు బస్సులు. నా నాలుగో విడత ఈ అంకెలదే. ‘రెండు అమ్మాయిలు’ అన్నవాళ్ళ కార్డు ఎదుటి జట్టుకి పోతుంది.

ప్రశ్న అడిగినవారు: వచ్చే ఆదివారం ఆడిస్తాం. కార్డుల కొలత చెప్పండి, ప్రింటు తీయించాలి.

జవాబు: ప్రింటెందుకండీ, పెళ్ళిపత్రికల వెనకాల గీయించండి. గీసేది కూడా వాళ్ళే అయితే ఆవుకీ బస్సుకీ తేడా తెలీక మరో అరగంట ఆట.